విశాఖలో చక్రగూడు సాలీళ్లను గుర్తుపట్టి, ఏ కుటుంబమో తేల్చుకోవడం ఎలా?

వానలు వెనకబట్టాక విశాఖలో తోటలోనో మేడమీదనో పొద్దున్నే నడిస్తే మొహానికి సాలెపోగులు తగులుతాయి. తుడుచుకుని పోయేవాళ్లే ఎక్కువ. కాస్త ఆగి చూస్తే ఆ గూడు ఎవరిదో, ఆ సాలీడు ఏ కుటుంబానికి చెందిందో మీరే తేల్చుకోవచ్చు. దానికి జంతుశాస్త్రం డిగ్రీ అక్కర్లేదు గానీ చూసే క్రమం ఒకటి ఉంది. కొత్తవాళ్లు సాలీడు రంగుతో మొదలుపెట్టి దారి తప్పుతారు. ముందు గూడు చూడాలి, తర్వాత సాలీడు కూర్చున్న తీరు, ఆ తర్వాత ఒళ్లు. రంగు అన్నిటికన్నా ఆఖరు.

ఇక్కడ మనకు ముఖ్యమైన కుటుంబం అరేనియిడే. గుండ్రటి చక్రంలాంటి గూళ్లు అల్లే సాలీళ్లలో అతి పెద్ద కుటుంబం ఇదే, ప్రపంచం మొత్తమ్మీద మూడు వేలకు పైగా జాతులు. పాత భారతీయ గ్రంథాల్లో ఇదే కుటుంబానికి ఆర్గయోపిడే అన్న పేరు కనిపిస్తుంది. లైబ్రరీలో ఆ పేరు చూసి వేరే కుటుంబం అనుకోకండి.

ఎప్పుడు, ఎక్కడ

సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా మంచి కాలం. పురుగులు దండిగా ఉంటాయి, ఆడ సాలీళ్లు పూర్తిగా ఎదిగి ఉంటాయి. ఎదగని పిల్ల సాలీడును జాతి దాకా గుర్తుపట్టడం నిపుణులకే కష్టం కాబట్టి ఎండాకాలంలో మొదలుపెట్టి నిరాశపడొద్దు. తుఫాను వెళ్లిన మర్నాడు మాత్రం వెళ్లకండి, రెండు మూడు రోజులు ఆగితే అవే మళ్లీ అల్లుకుంటాయి.

పగటికైతే కంబాలకొండ దారులు, సింహాచలం మెట్లదారి పక్క తుప్పలు, కైలాసగిరి వాలు, ముడసర్లోవ చుట్టుపక్కల, ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆవరణలోని పాత చెట్లు. బీచ్‌రోడ్డు వైపు ఉండేవాళ్లు సముద్రానికి ఎదురుగా ఉన్న మొక్కల్లో వెతికి లాభం లేదు, గాలికి గూళ్లు నిలవవు. ప్రహరీ గోడకు లోపలి వైపు, గాలి తగలని పక్క చూడండి. రోడ్డు పక్క నాగజెముడు, కిత్తనార కనిపిస్తే తప్పకుండా ఆగండి, ఎందుకో తర్వాత చెబుతాను. అనంతగిరి, అరకు వైపు కాఫీ తోటలకు వెళ్లే అవకాశం ఉంటే మరీ మంచిది. 2022లో ఆ మండలాలు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి గానీ, విశాఖవాసులకు అవి ఇప్పటికీ ఆదివారం షికారే.

రాత్రి చూడాలంటే సొంత వీధి, అపార్ట్‌మెంటు తోట చాలు. కంబాలకొండ అభయారణ్యం. చిరుతలు తిరిగే అడవి అది, చీకటిపడ్డాక అక్కడ పని పెట్టుకోకండి. అక్కడినుంచి సాలీడు సహా ఏ ప్రాణినీ పట్టి తీసుకురాకూడదు, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. మన పనికి ఫోటో, నోటుపుస్తకం సరిపోతాయి.

చేతిలో ఏముండాలి

పదిరెట్లు పెద్దగా చూపే చిన్న భూతద్దం, దగ్గరి ఫోటోలు తీయగల ఫోను, మొక్కలకు నీళ్లు చల్లే స్ప్రే సీసా, చిన్న స్కేలు, టార్చి. వీటికి తోడు ఒక నల్ల గొడుగు. దాన్ని తెరిచి గూటి వెనక పట్టుకుంటే అప్పటిదాకా కనబడని పోగులన్నీ తెల్లగా తేలతాయి. ఇంత చవకైన సాధనం ఈ పనికి ఇంకోటి లేదు. కొందరు గూటి మీద టాల్కం పౌడరో మొక్కజొన్న పిండో చల్లుతారు. ఫోటో బాగానే వస్తుంది, కానీ జిగురు పోయి ఆ గూడు పనికిరాకుండా పోతుంది. ఆ పూట దాని తిండి పోగొట్టడం తప్ప మనకు అదనంగా ఒరిగేదేమీ లేదు.

మొదటి పని: గూడు చదవండి

ముందు అది చక్రమా కాదా చూడండి. నడుమ బొడ్డు, దాన్నుంచి బండిచక్రం ఆకుల్లా నలుదిక్కులా పోయే పోగులు, వాటి మీదుగా చుట్టలు చుట్టలుగా తిరిగే పోగు ఉంటే అది చక్రగూడు. ఇంటి మూలల్లో మనం బూజు అని దులిపేది ఎక్కువగా చక్రం కాదు. పొడుగుకాళ్ల ఫాల్సిడే సాలీళ్లో, గుండ్రటి పొట్ట ఉండే తెరిడియిడే సాలీళ్లో అల్లిన అడ్డదిడ్డం పోగులవి. కదిలించగానే గూటిలోనే ఒళ్లంతా గిరగిరా ఊపేస్తే ఫాల్సిడే అనుకోవచ్చు. పచ్చగడ్డి మీద మంచుతో తడిసిన పలచటి పరదా, ఒక మూల గొట్టంలాంటి కన్నం కనిపిస్తే అది హిప్పాసా, తోడేలు సాలీళ్ల కుటుంబంలో గూడు కట్టే అరుదైన రకం. ఇవన్నీ పక్కన పెట్టేయండి.

చక్రమే అయితే మన ప్రాంతంలో ముఖ్యంగా మూడు కుటుంబాలకు అవకాశం: అరేనియిడే, టెట్రాగ్నాతిడే, యులోబరిడే. వీటిని విడదీయడానికి నాలుగు సంగతులు చూడాలి. నీళ్లు చల్లకముందే చూడాలి, చల్లాక మొదటి సంగతి చెడిపోతుంది.

ఒకటి, చుట్టపోగు మీద జిగురు. భూతద్దంతో చూస్తే పోగు పొడుగునా పూసలు గుచ్చినట్టు చిన్న చిన్న జిగురు బొట్లు ఉన్నాయా? ఉంటే అరేనియిడే గానీ టెట్రాగ్నాతిడే గానీ. బొట్లు లేకుండా పోగు పొడిగా, నూగుగా, కొంచెం నీలిఛాయలో ఉంటే యులోబరిడే. ఈ కుటుంబానికి జిగురు లేదు, విషగ్రంథులూ లేవు. అతి సన్నటి పోగులను దువ్వి నూగు చేసి, దానికి చిక్కిన పురుగును ఓపిగ్గా చుట్టిచుట్టి చంపుతుంది. ఇళ్లలో, మెట్లకింద, నీళ్లట్యాంకు పక్కన అడ్డంగా పరచిన చిన్న గూడు కనిపిస్తే చాలాసార్లు దానిదే.

రెండోది, నడిబొడ్డు. టెట్రాగ్నాతిడే సాలీడు గూడు పూర్తయ్యాక నడిమధ్య పోగులను కొరికి చిన్న కన్నం వదులుతుంది. అరేనియిడేలో చాలావాటికి బొడ్డు మూసుకునే ఉంటుంది. కన్నం కనిపిస్తే, అది నీటి దగ్గర కూడా అయితే, అనుమానం టెట్రాగ్నాతిడే వైపు పోవాలి.

మూడు, గూడు వాలు. నిలువుగానో కొద్దిగా ఒరిగో ఉంటే అరేనియిడేకి మొగ్గు. అడ్డంగా పరిచినట్టుంటే మిగతా రెంటికీ. ఇది మొగ్గే గానీ తీర్పు కాదు. కింద చెప్పబోయే సిర్టోఫోరా అనే సాలీడు అరేనియిడే అయ్యుండీ గూడు అడ్డంగానే కడుతుంది.

నాలుగోది, గూడు ఎప్పుడు కనిపిస్తుందో. పొద్దుగుంకాక అల్లి, తెల్లవారేసరికి దాన్ని తినేసి, పోగులోని మాంసకృత్తును మళ్లీ వాడుకునేవి అరేనియిడేలో చాలా ఉన్నాయి. సాయంత్రం ఏడింటికి వీధిదీపం కింద ఒక్కసారి నిలబడి అల్లిక చూడండి, పుస్తకాల్లో చదివినదానికన్నా ఎక్కువ తెలుస్తుంది. ముందు వంతెనపోగు, దానికింద చట్రం, తర్వాత ఆకులు, ఆపైన నడిబొడ్డు నుంచి బయటికి జిగురులేని తాత్కాలిక చుట్ట. ఆఖర్న బయటినుంచి లోపలికి జిగురుచుట్ట వేస్తూ, తాత్కాలికపు చుట్టను కత్తిరించుకుంటూ వస్తుంది. సుమారు గంటలో అయిపోతుంది. బంగారురంగు పోగుతో పెద్ద గూడు కట్టే నెఫిలా మాత్రం ఆ తాత్కాలికపు చుట్టను తీసేయదు, అందుకే దాని గూట్లో జిగురుపోగులు కొన్ని కొన్ని కట్టలుగా, మధ్యలో ఎడంతో కనిపిస్తాయి.

రెండో పని: ఎక్కడ, ఎలా కూర్చుంది

పగలు నడిబొడ్డులో తలకిందులుగా, కాళ్లు రెండేసి జతకలిపి ఇంటూ గుర్తులా చాచి కూర్చుంటే ఆర్గయోపీ. నడిబొడ్డులో ఏదో చెత్త వరస, దాని మధ్య ఉందో లేదో తెలియని సాలీడు ఉంటే సైక్లోసా. తిన్న పురుగుల పెంకులను నిలువు గీతగా పేర్చుకుని అందులో తానొక ముక్కగా కలిసిపోతుంది. గూడు ఖాళీగా ఉంటే నడిబొడ్డు నుంచి పైకి పోయే ఒంటిపోగును పట్టుకుని వెళ్లండి. చివర మడిచిన ఆకులో, కాడల సందులో సాలీడు ముడుచుకుని ఉంటుంది, ముందుకాలొకటి ఆ పోగు మీదే. ఆకుపచ్చ పొట్ట మీద తెలుపు, దాని నడుమ నల్ల మచ్చ ఉన్న చిన్న సాలీడు ఇలా ఆకు మడతలో దొరికితే అది బైజోఅరేనియస్ మిటిఫికస్ కావచ్చు. పాత పుస్తకాల్లో దాన్ని అరేనియస్ మిటిఫికస్ కింద వెతకాలి, ప్రజాతి (కుటుంబానికి లోపల, దగ్గరి జాతుల గుంపు) మార్చింది 2021లో.

యులోబరిడే సాలీడు ముందుకాళ్లు రెండూ ఒక్కగీతలో ముందుకు చాపి పుల్లముక్కలా వేలాడుతుంది. టెట్రాగ్నాతిడేలోని టెట్రాగ్నాతాది కూడా సన్నటి ఒళ్లే, గడ్డిపోచను కావలించుకుని దాక్కుంటుంది. దవడలు చూడగానే తేడా తెలుస్తుంది, అవి తలకన్నా పొడుగ్గా ముందుకు పొడుచుకొచ్చి ఉంటాయి.

మూడో పని: ఒంటి గుర్తులు

ఫోటో ఒక్కటి చాలదు. వీపు, పొట్ట అడుగు, ముందునుంచి మొహం, పక్కనుంచి, గూడు మొత్తం: ఇవన్నీ కావాలి. పొట్ట అడుగు ఫోటో కోసం గూటికి అవతలి పక్కకు వెళ్లాలి, మధ్యలో ఉన్న పోగులు తెంపకుండా చుట్టూ తిరిగి వెళ్లండి.

మొహం ఫోటోలో కళ్లు లెక్కపెట్టండి. అరేనియిడేకి ఎనిమిది కళ్లు రెండు వరసల్లో ఉంటాయి. నడిమి నాలుగూ ఒక చోట గుంపుగా, చివరి కళ్లు రెండేసి జతగా తల చెరో మూలకు జరిగి ఉంటాయి. కళ్లకూ దవడలకూ మధ్య నుదురు చాలా తక్కువ, సుమారు ఒక కన్ను వెడల్పంత. తెరిడియిడేకి ఈ భాగం ఎత్తు. అరేనియిడే పాదాలకు మూడేసి గోళ్లు, కాళ్లకు బలమైన ముళ్లు. ల్యూకాజ్ అనే వెండిరంగు టెట్రాగ్నాతిడేకి నాలుగో కాలి తొడ మీద సన్నటి వెంట్రుకల అంచు ఉంటుంది. ఫోను ఫోటోను పెద్దది చేసి చూస్తే ఒక్కోసారి దొరుకుతుంది.

జాతి తేల్చేది మాత్రం జననాంగాల నిర్మాణమే. ఆడదానికి పొట్ట అడుగున ఎపిగైన్ అనే గట్టి పలక, మగదానికి మొహం ముందున్న చిన్నకాళ్ల చివర ఉబ్బిన భాగం. ఆ కొసలు ఉబ్బి కనిపిస్తే అది ఎదిగిన మగది. వాటి లోపలి మెలికలు చూడాలంటే సూక్ష్మదర్శిని తప్పదు. బయట ఎంత అందమైన మచ్చలున్నా ఈ విషయంలో వాటికి సాక్ష్యం విలువ తక్కువ. నియోస్కోనా అనే అరేనియిడే ప్రజాతిలో ఒకే జాతి మట్టిరంగులో, నల్లగా, తెల్లచార గీసినట్టు కూడా కనిపిస్తుంది.

చేత్తో పట్టొద్దు. మన దగ్గరి చక్రగూడు సాలీళ్లలో ప్రాణం తీసేంత విషం ఉన్నవి లేవు, పెద్దది కరిస్తే కాసేపు మంట. అసలు నష్టం దానికే, కాళ్లు ఊడిపోతాయి.

మీకు ముందుగా దొరికేవి

నెఫిలా పిలిపెస్. ఆడది 30 నుంచి 50 మిల్లీమీటర్ల ఒళ్లు, కాళ్లు వేరే. గూడు మీటరు దాటుతుంది, నడిబొడ్డు మధ్యలో కాకుండా పైకి ఉంటుంది, ఎండలో పోగు బంగారురంగు. అదే గూట్లో ఐదారు మిల్లీమీటర్ల ఎర్రటి సాలీడు కనిపిస్తే పిల్ల అనుకుంటారు, అది మగడు. వెండిబొట్టులాంటివి కూడా తిరుగుతుంటే అవి ఆర్గిరోడిస్, ఇంకో కుటుంబానికి చెందిన దొంగలు. పెద్దదాని గూట్లో పడ్డ చిన్న పురుగులను ఎత్తుకుపోతాయి. మూడూ ఒకే ఫోటోలో పడితే విడివిడిగా రాసుకోండి.

నెఫిలా బంధువులు రెండు మనుషులకు దగ్గరగానే ఉంటాయి. నెఫిలెంజిస్ మలబారెన్సిస్ వరండా చూరు కింద, గోడకు ఆనించి గూడు కట్టి పైన గొట్టంలో దాక్కుంటుంది. దాని చక్రంలో కింది సగమే బాగా కనిపిస్తుంది. హెరెనియా మల్టిపంక్టా పెద్దచెట్టు మాను మీదే, బెరడుకు అంటుకున్నట్టు నిచ్చెనలాంటి గూడు కడుతుంది. ఒళ్లు పలచగా, అంచులు వంకరలు తిరిగి ఉంటుంది. చక్రం కోసం కొమ్మల మధ్య ఖాళీల్లోనే వెతికేవాళ్లకు ఇది ఎప్పటికీ దొరకదు.

ఆర్గయోపీ. మనకు ఎక్కువగా ఆర్గయోపీ అనసూజా, ఆర్గయోపీ పుల్కెల్లా. గూట్లో తెల్లటి మందపు పోగుతో వంకీలు తిరిగిన గీతలు గీస్తుంది. ఎదిగినవి కొన్నిసార్లు నాలుగు చేతుల ఇంటూ, కొన్నిసార్లు ఒకటో రెండో చేతులే, అప్పుడప్పుడు ఏమీ ఉండదు. అందుకని గీత లేదని ఆర్గయోపీ కాదనకండి. ఆ గీత ఎందుకన్నదాని మీద వాదం తెగలేదు: అతినీల కాంతిని పరావర్తనం చేసి పురుగులను రప్పించడానికని కొందరు, పక్షులు గూట్లోంచి దూసుకుపోకుండా కనబడడానికని కొందరు, శత్రువు కంట పడకుండా ఉండడానికని ఇంకొందరు.

సిర్టోఫోరా. నాగజెముడు, కిత్తనార దగ్గర ఆగమన్నది దీనికోసమే. వలలా సన్నగా అల్లిన అడ్డపు దుప్పటి, మధ్యలో గుడారంలా పైకి లేచి ఉంటుంది, పైనా కిందా అడ్డదిడ్డం పోగులు. ఒక చుట్ట కూడా జిగురు ఉండదు. పైపోగులకు తగిలిన పురుగు దుప్పటి మీద పడాల్సిందే. రోజూ తినేసి మళ్లీ అల్లే అలవాటు దీనికి లేదు, ఒకే గూటికి మరమ్మతులు చేసుకుంటూ వారాల తరబడి ఉంటుంది. గూడు గూడుకు ఆనించి కాలనీ కట్టేస్తాయి. మన గూటి పరీక్షను ఓడించేది ఇదే, జిగురు లేదు కాబట్టి యులోబరిడే అనేస్తారు. కళ్ల అమరిక, కాళ్ల ముళ్లు చూస్తే అరేనియిడే అని బయటపడుతుంది.

గ్యాస్టరకాంత అంటే ముళ్ల సాలీడు, దీన్ని తప్పుగా గుర్తుపట్టడం కష్టం. గట్టి పెంకులాంటి వీపు, అంచున ఆరు ముళ్లు, చట్రపు పోగుల మీద దూదిచుక్కల్లా తెల్లటి కుచ్చులు. నియోస్కోనా అందరికన్నా మామూలుది, రాత్రి ట్యూబ్‌లైటు దగ్గర కనిపించే మట్టిరంగు బొద్దు సాలీడు చాలాసార్లు అదే. దీన్నీ అరేనియస్‌నూ కలిపేయడం సహజం. వీపు ముందుభాగం నడుమ ఉండే చిన్న గాడి నియోస్కోనాలో నిలువుగా ఉంటుంది, అరేనియస్ ఆడదానిలో అడ్డంగా.

నాలుగో పని: పేరు ఎక్కడ ఆపాలి

నా సలహా: ఆర్గయోపీ, నెఫిలా లాంటివాటిని మంచి ఫోటో ఉంటే జాతి దాకా తీసుకెళ్లండి. నియోస్కోనా, సైక్లోసా, సిర్టోఫోరాలను ప్రజాతి దగ్గరే ఆపండి. పిల్ల సాలీడైతే కుటుంబం దగ్గర. ఫోటో పెడితే పేరు చెప్పే యాప్‌లు వాడండి గానీ, వచ్చిన పేరు మన దేశంలో ఉందో లేదో ప్రపంచ సాలీళ్ల కేటలాగులో చూసుకోండి. స్విట్జర్లాండ్‌లోని బెర్న్ ప్రకృతి చరిత్ర మ్యూజియం నడిపే ఈ కేటలాగు ఉచితం. మనూరి ఆర్గయోపీకి ఉత్తర అమెరికాలో ఉండే ఆర్గయోపీ అరాన్షియా పేరు అంటగడితే అక్కడే దొరికిపోతుంది.

కేటలాగులో పేరు పక్కన మనిషి పేరు, ఏడాది ఉంటాయి. నెఫిలా పిలిపెస్ (ఫాబ్రీషియస్, 1793) అని బ్రాకెట్లో ఉంటే, మొదట వర్ణించినవాడు దాన్ని వేరే ప్రజాతిలో పెట్టాడని, తర్వాత మార్చారని. ఆర్గయోపీ అనసూజా టొరెల్, 1887 అని బ్రాకెట్ లేకుండా ఉంటే మొదట్నుంచీ అదే ప్రజాతి. కుటుంబం పేరు పక్కన క్లెర్క్, 1757 అని చూసి అచ్చుతప్పు అనుకోవద్దు. మిగతా జంతువుల పేర్లకు లిన్నేయస్ 1758 గ్రంథం ఆరంభం. సాలీళ్లకు మాత్రం అదే స్వీడన్‌కు చెందిన కార్ల్ క్లెర్క్ ఏడాది ముందు వేసిన పుస్తకంలోని పేర్లను మినహాయింపుగా అంగీకరించారు.

మన దేశపు అరేనియిడేకి ఇప్పటికీ ఆధారం బి. కె. టికాదర్ 1982లో భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థ తరఫున వెలువరించిన సంపుటం. బొమ్మలు గొప్పవి. పేర్లలో మాత్రం కొన్ని మారిపోయాయి, కేటలాగుతో సరిచూడకుండా వాడొద్దు.

నెఫిలా సంగతే తీసుకోండి. ఒక కాలంలో దాన్ని టెట్రాగ్నాతిడేలో పెట్టారు. 2006లో నెఫిలిడే అని వేరు కుటుంబం కట్టారు. 2017లో దాన్ని తెచ్చి అరేనియిడేలో ఉపకుటుంబంగా కలిపారు. 2019లో మళ్లీ వేరు కుటుంబం చేయాలన్న ప్రతిపాదన వచ్చింది, అప్పుడే నెఫిలాలోని చాలా జాతులను ట్రైకోనెఫిలా అనే ప్రజాతికి మార్చారు. కుటుంబం విషయంలో కేటలాగు ఒప్పుకోలేదు, అరేనియిడేలోనే ఉంచింది. ప్రజాతి మార్పును మాత్రం తీసుకుంది. మన పిలిపెస్ నెఫిలాగానే మిగిలింది. ఈ తగువులో సాలీడు మారలేదు, గూడూ మారలేదు. మారింది బంధుత్వాన్ని దేంతో కొలవాలన్న లెక్క, ముందు ఒంటి నిర్మాణం, తర్వాత జన్యువులు. 2014లో వచ్చిన జన్యు అధ్యయనాలైతే యులోబరిడే చక్రమూ అరేనియిడే చక్రమూ దగ్గరి చుట్టాలవి కావని తేల్చాయి. కాబట్టి గూడు మనకు తోటలో దారి చూపించడానికే. వర్గీకరణ దాని మీద నిలబడదు.

రాసి పెట్టుకోవడం

ఫోటోతోపాటు తేదీ, వేళ, చోటు, నేల నుంచి ఎత్తు, గూడు వాలు, నడిబొడ్డు తీరు, జిగురు ఉందా, సాలీడు ఎక్కడుంది, ఒంటి పొడవు, ఏ మొక్క అన్నవి అక్కడికక్కడే రాయండి. ఇంటికొచ్చి రాస్తే వాలు, ఎత్తు మరిచిపోతారు. నమూనాకు: "నవంబరు, ఉదయం ఆరున్నర. ఎంవీపీ కాలనీ, పిట్టగోడకూ మందారానికీ మధ్య. నడుము ఎత్తు. నిలువు గూడు, బొడ్డు మూసి ఉంది, జిగురుబొట్లు ఉన్నాయి. సాలీడు బొడ్డులో, తలకిందులు, కాళ్లు జతలుగా. తెల్లగీత రెండు చేతులే. ఆడది. కుటుంబం అరేనియిడే, ప్రజాతి ఆర్గయోపీ, జాతి తేల్చలేదు."

ఆఖరి రెండు మాటలు రాయడానికి మొహమాటపడకండి. తర్వాత ఎవరైనా తెలిసినవాళ్లు మీ ఫోటో చూసి జాతి చెబితే, చెప్పినవాళ్ల పేరు, ఏడాది పక్కన రాసుకోండి. ప్రజాతి మారితే పాత పేరు కొట్టేయకుండా కిందే కొత్తది చేర్చండి, రెండు పేర్లతోనూ వెతుక్కునేలా.